తిరుపతిలో పీహెచ్‌డీ చేస్తా ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి: మొదటి పేపర్ దగ్గర నుంచి పోస్ట్‌డాక్ దాకా ఒక్కో అడుగూ

పోయిన నెల ఒక ఆదివారం మా డిపార్ట్‌మెంట్ జూనియర్ ఒకమ్మాయి ఫోన్ చేసింది, గొంతులో సంతోషం పట్టలేనంత ఉంది. "అక్కా, నా పేపర్ యాక్సెప్ట్ అయింది, శుక్రవారం సాయంత్రం పంపించినా, ఇప్పుడే మెయిల్ వచ్చింది" అనింది. నాకు గుండె జారిపోయింది. మంచి జర్నల్ అయితే అదే సబ్జెక్ట్ తెలిసినవాళ్ళ చేత పేపర్ చదివిస్తుంది, దాన్నే రివ్యూ అంటారు. శుక్రవారం పంపితే ఆదివారానికి యాక్సెప్ట్ అంటే మధ్యలో ఎవరూ చదవలేదనే కదా. డబ్బులేమన్నా అడిగినారా అంటే "ఐదు వేలక్కా, ఈ రాత్రిలోగా కడితే ఈ నెల ఇష్యూలోనే వేస్తారంట" అనింది. కట్టొద్దమ్మా అని గంటసేపు చెప్పినా, విన్నది.

ఎందుకు అంతసేపు చెప్పినానంటే నేను కట్టినా కాబట్టి. రెండో సంవత్సరంలో 6,500 రూపాయలు, స్కాలర్‌షిప్ లేట్ అయిన నెలలో, అమ్మ దగ్గర తీసుకొని కట్టినా. రెండేళ్ళు చెనక్కాయ మొక్కలకి నీళ్ళు ఆపి, ఆకులు కోసి, ఎండలో కుండీలు మోసి తెచ్చిన డేటా అది. తర్వాత ఒక ఇంటర్వ్యూలో ప్యానెల్‌లో కూర్చున్న సార్ ఆ పేపర్ ప్రింట్ నా వైపు తిప్పి "దీన్ని ఎవరమ్మా రివ్యూ చేసింది?" అని అడిగినారు, నా దగ్గర జవాబు లేదు. ఇంకా బాధ ఏందంటే ఒకసారి అచ్చయిన డేటాని మళ్ళీ మంచి జర్నల్‌కి పంపకూడదు, డూప్లికేట్ పబ్లికేషన్ అవుతుంది. ఆ జర్నల్ వెబ్‌సైట్ ఇప్పుడు తెరుచుకోదు కూడా. రెండేళ్ళ పని అట్లా పోయింది. మీది అట్లా పోకూడదని ఇంత పొడుగ్గా రాస్తా ఉన్నా, నిదానంగా చదవండి.

మొదటి పని, ప్రయోగం మొదలుపెట్టకముందే

పేపర్ రాసేది నాలుగో సంవత్సరంలో అనుకుంటాం మనం, కానీ రిజెక్ట్ అయ్యే పేపర్ చాలాసార్లు మొదటి సంవత్సరంలోనే, కుండీలు పెట్టిన రోజే రిజెక్ట్ అయి ఉంటుంది. రెప్లికేట్స్, అంటే ఒకే ప్రయోగం ఎన్నిసార్లు చేసినామనే సంగతి చెప్తా, ఇది సరిగ్గా అర్థం చేసుకోండి.

నీళ్ళు ఆపిన మొక్కలో ప్రోలిన్ (నీళ్ళు తక్కువైతే మొక్కలో పెరిగే ఒక అమైనో ఆమ్లం) ఎంతుందో చూస్తా ఉన్నాం అనుకోండి. ఒక మొక్క ఆకు తీసుకొని, నూరి, ఆ ఎక్స్‌ట్రాక్ట్‌నే మూడు టెస్ట్ ట్యూబుల్లో పోసి, మూడు రీడింగులు తీసినా: 8.1, 8.2, 8.0. రీడింగుల మధ్య తేడా చూపించే ఎర్రర్ బార్ కనపడనంత చిన్నది, ఎంత బాగొచ్చిందో అనిపిస్తుంది, కింద ఎన్ ఈక్వల్స్ 3, అంటే మూడు శాంపిల్స్, అని రాసేస్తాం. అవి మూడు మొక్కలు కాదు, ఒకే మొక్కని మూడుసార్లు కొలిచినాం అంతే. మూడు వేరే వేరే కుండీల్లో మొక్కలు తీసుకుంటే 8.1, 11.4, 6.3 అని రావచ్చు, అదీ నిజం, మొక్కకి మొక్కకి తేడా ఉంటుంది కదా. మొదటిదాన్ని టెక్నికల్ రెప్లికేట్ అంటారు, రెండోదాన్ని బయోలాజికల్ రెప్లికేట్ అంటారు, స్టాటిస్టిక్స్ చేయాల్సింది రెండోదానితో. ఒకే కుండీలో ఐదు మొక్కలు ఉన్నా సరే, నీళ్ళు పోసేది కుండీకి కాబట్టి లెక్కలో అది ఒకటే. ఇది ముందే తెలిస్తే ఇంకో నాలుగు కుండీలు పెట్టుకుంటే సరిపోతుంది, తర్వాత తెలిస్తే ఇంకో సీజన్ ఆగాల. కాబట్టి మొక్కలు వేయకముందే స్టాటిస్టిక్స్ తెలిసిన వాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. అగ్రికల్చర్ కాలేజీలోనో, మీ యూనివర్సిటీ స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లోనో అడిగితే చెప్పేవాళ్ళు ఉంటారు, మనమే అడగం.

ఇంకోటి, రా డేటా, అంటే ఏమీ మార్చని అసలు డేటా. జెల్ ఫోటో కత్తిరించకముందుది, మెషీన్ ఇచ్చిన అసలు ఫైల్, నోట్‌బుక్ పేజీ ఫోటో, అన్నీ తారీఖు పెట్టి రెండు చోట్ల దాచుకోండి. జర్నల్ వాళ్ళు అసలు ఇమేజ్ పంపమని అడిగినప్పుడు లేదంటే పేపర్ అక్కడితో ఆగిపోతుంది.

రాయడం బొమ్మలతో మొదలుపెట్టండి

ఖాళీ పేజీ తెరిచి ఇంట్రడక్షన్‌తో మొదలుపెట్టొద్దు. మీ దగ్గరున్న గ్రాఫులు, ఫోటోలు, టేబుళ్ళు అన్నీ ప్రింట్ తీసి హాస్టల్ రూంలో మంచం మీద పరవండి. నేను ఇప్పటికీ అట్లనే చేస్తా. ఏది ముందు, ఏది వెనక అని జరుపుతా పోండి, ఒక బొమ్మ చూసినాక చూసేవాడికి ఏ ప్రశ్న వస్తుందో దానికి జవాబు తర్వాతి బొమ్మలో ఉండాల. నాలుగో బొమ్మ దగ్గర కథ తెగిపోయిందంటే అక్కడ ఒక ప్రయోగం తక్కువైందని అర్థం. ఎంత కష్టపడి చేసిందైనా కథలోకి రాని బొమ్మ ఉంటే పక్కన పెట్టేయండి, పేపర్‌కి జతగా ఇచ్చే సప్లిమెంటరీ ఫైల్‌లోకి పోతుంది.

తర్వాత రాసే వరస: ముందు మెథడ్స్, అవి ఇప్పుడు చేస్తా ఉన్నప్పుడే రాసేసుకోండి, ఆరు నెలలు పోతే ఏ కంపెనీ కెమికల్, ఎన్ని ఆర్‌పీఎంలో తిప్పినామో గుర్తుండదు. తర్వాత రిజల్ట్స్, తర్వాత డిస్కషన్, ఆ తర్వాత ఇంట్రడక్షన్, ఆఖర్న అబ్‌స్ట్రాక్ట్, టైటిల్.

మనలో చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియమే, పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, సత్యవేడు పక్క పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే. ఇంగ్లీషులో రాయాలంటే చెయ్యి ఆడదు. దానికి నేను చేసేది చెప్తా. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, పక్క ల్యాబ్ ఫ్రెండ్‌కి చెప్తా ఉన్నట్టు తెలుగులోనే చెప్పేస్తా, "చూడు, నీళ్ళు ఆపిన ఏడో రోజుకి ఈ రకం వాడిపోయింది, ఆ రకం నిలబడింది, ఎందుకు నిలబడింది అంటే..." అని. తర్వాత అది విని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాస్తా. ఆలోచన ముందే తేటగా ఉంటుంది కాబట్టి ఇంగ్లీషు దానంతట అదే చిన్నగా, సాఫీగా వస్తుంది. పెద్ద పెద్ద మాటలు రివ్యూయర్‌కి అక్కర్లేదు.

చాట్‌జీపీటీ లాంటివి గ్రామర్ సరిచేసుకోవడానికి వాడుకోండి, జర్నల్ పాలసీ చూసుకొని వాడినామని రాయండి, వాటిని ఆథర్‌గా పెట్టడానికి మాత్రం ఒప్పుకోరు. రెఫరెన్సులు మటుకు వాటిని అడగొద్దు, లేని పేపర్లని ఉన్నట్టే పుట్టించి ఇస్తాయి. రెఫరెన్సులు దాచుకునేదానికి జొటెరో అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, మొదటి రోజు నుంచే చదివిన ప్రతి పేపర్ అందులో వేసుకోండి.

చదవడానికి పేపర్లు దొరకవనే బాధ కూడా ఇప్పుడు చాలా తగ్గింది. మా కాలంలో ఒక పేపర్ కావాలంటే ఆథర్‌కి మెయిల్ పెట్టి వారం ఎదురుచూసేవాళ్ళం, ఇప్పుడు 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ అనే కేంద్ర ప్రభుత్వ పథకం వచ్చింది, 30 పబ్లిషర్లు, దాదాపు 13,000 జర్నల్స్, గవర్నమెంట్ యూనివర్సిటీలకీ కాలేజీలకీ అందుతాయి. మీ లైబ్రరీలో లాగిన్ ఎట్లా అని ఈ వారమే అడగండి.

అసలు పేపర్ చదవకుండా రెఫరెన్స్ పెట్టొద్దు. ఫాస్ఫరస్ కొలిచేదానికి మనం ఫిస్కే-సుబ్బారావ్ మెథడ్ అని రాసేస్తాం కదా, ఆ సుబ్బారావ్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, 1925లో జర్నల్ ఆఫ్ బయలాజికల్ కెమిస్ట్రీలో వచ్చింది ఆ పేపర్. నూరేళ్ళ నాటి పేపర్ ఇంకా పనిచేస్తా ఉంది, ఎందుకంటే ఎవరైనా చదివి మళ్ళీ చేసుకునేటట్టు రాసినారు. ప్రపంచంలో ఎక్కువసార్లు వేరేవాళ్ళు రెఫరెన్స్‌గా పెట్టుకున్న పేపర్ కూడా లౌరీ ప్రొటీన్ మెథడే, 1951ది. మీ మెథడ్స్ సెక్షన్ రాసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

జర్నల్ ఎంచుకోవడం

చెనక్కాయ చెట్టు పైన ఆకు చూసి కింద కాయ ఎంతుందో చెప్పలేం, పెరికి చూడాల్సిందే. జర్నల్ కూడా అంతే, వెబ్‌సైట్ తళతళ చూసి ఏమీ చెప్పలేం.

ముందు మీ రెఫరెన్స్ లిస్ట్ చూడండి. మీరు చదివిన 40 పేపర్లు ఏ జర్నల్స్‌లో వచ్చినాయో లెక్కపెట్టండి, మూడు నాలుగు పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తాయి, మీ పేపర్ చదివేవాళ్ళు ఆడ ఉన్నారు. ఒక్కోదానిలో ఈ రెండేళ్ళలో వచ్చిన ఐదు పేపర్లు తెరిచి మీ డేటా పక్కన పెట్టి చూసుకోండి, వాళ్ళు ఎన్ని ప్రయోగాలు చేసినారు, మనం ఎన్ని చేసినాం అని. నిజాయితీగా చూసుకుంటే ఏ మెట్టు మీద ఉన్నామో మనకే తెలుస్తుంది.

తర్వాత ఆ జర్నల్ నిజమైనదా కాదా. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) మంచి జర్నల్స్ అని పెట్టిన కేర్ లిస్ట్ పేరు చెప్పి ఇంకా వాట్సాప్‌లో ప్రకటనలు తిరుగుతా ఉన్నాయి, ఆ లిస్ట్‌ని యూజీసీ 2025 ఫిబ్రవరిలోనే ఆపేసింది, ఇప్పుడు జర్నల్ మంచిదా కాదా చూసుకునే బాధ్యత యూనివర్సిటీలది, మనది. స్కోపస్ అనే జర్నల్స్ డేటాబేస్‌లో ఉందని వాళ్ళు చెప్తే నమ్మొద్దు, స్కోపస్ సైట్‌కి పోయి ఐఎస్ఎస్ఎన్ (ఒక్కో జర్నల్‌కి ఉండే గుర్తింపు) నంబర్ కొట్టి చూడండి, ఇప్పటికీ ఉందా, మధ్యలో తీసేసినారా అనేది కూడా కనపడుతుంది. మంచి జర్నల్ పేరుతో అచ్చం అట్లాంటి వెబ్‌సైటే పెట్టి డబ్బులు వసూలు చేసేవాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి స్కోపస్ పేజీలోనో అసలు పబ్లిషర్ పేజీలోనో ఉన్న లింక్ ద్వారానే పోండి, మెయిల్‌లో వచ్చిన లింక్ నొక్కొద్దు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే ఆ జర్నల్ పేపర్లని సగటున ఎన్నిసార్లు రెఫరెన్స్‌గా వాడినారో చెప్పే నంబర్, అనేది క్లారివేట్ వాళ్ళ రిపోర్ట్‌లో ఉండేదే, పక్కన ఇంకో మాట తగిలించి ఇంకెవరో ఇచ్చే నంబర్లకి విలువ లేదు. ఓపెన్ యాక్సెస్ (ఎవరైనా ఉచితంగా చదవగలిగేది) అయితే డీఓఏజే అనే అట్లాంటి జర్నల్స్ లిస్ట్‌లో ఉందేమో చూడండి. ఎడిటోరియల్ బోర్డ్‌లో ఒకరిద్దరి పేర్లు తీసుకొని వాళ్ళ యూనివర్సిటీ పేజీ తెరిచి చూడండి, నిజంగా ఉన్నారా లేదా అని.

డబ్బులు లేకుండా మంచి జర్నల్‌లో పేపర్ రాదనేది అబద్ధం. పెద్ద పబ్లిషర్ల జర్నల్స్ చాలావరకు హైబ్రిడ్, సబ్మిట్ చేసేటప్పుడో యాక్సెప్ట్ అయినాకో ఓపెన్ యాక్సెస్ కావాలా, సబ్‌స్క్రిప్షనా అని అడుగుతారు, సబ్‌స్క్రిప్షన్ అంటే మామూలుగా ఒక్క రూపాయి కట్టే పని లేదు. ఓపెన్ యాక్సెస్ అంటే వేల డాలర్లు. ఆ బటన్ పొరపాటున నొక్కి ఏడ్చిన వాళ్ళని చూసినా. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ జర్నల్స్ ఉన్నాయి, ఫిజిక్స్ వాళ్ళకి ప్రమాణ లాంటివి, రచయిత డబ్బులు కట్టకుండానే వేస్తారు, రివ్యూ గట్టిగా చేస్తారు.

పేపర్లు అమ్మేవాళ్ళు, రెడీగా రాసి ఆథర్‌షిప్‌కి రేటు పెట్టేవాళ్ళు కూడా మెసేజ్ పెడతారు. ఒక్క 2023లోనే ప్రపంచం మొత్తం మీద పది వేలకు పైగా పేపర్లు రిట్రాక్ట్ చేసినారు, అంటే అచ్చయినాక వెనక్కి తీసుకున్నారు, అందులో చాలా వరకు ఇట్లాంటివే. మీ పేరు పక్కన రిట్రాక్టెడ్ అనే మాట పడితే అది ఎప్పటికీ పోదు.

పీహెచ్‌డీకి పేపర్ తప్పనిసరి కదా, తొందర కదక్కా అంటారు. యూజీసీ 2022 రెగ్యులేషన్స్‌లో థీసిస్ ఇచ్చే ముందు పేపర్ ఉండాలనే నిబంధన తీసేసినారు, కానీ కొన్ని యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకున్నాయి, కాబట్టి మీకు ఏది వర్తిస్తుందో మీ రిజిస్ట్రేషన్ నాటి ఆర్డర్ కాగితం చూసుకోండి. సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడొద్దు.

ఆథర్ల పేర్లు

ఇది అందరూ ఆఖరి దాకా నానుస్తారు, అప్పుడు గొడవలు అవుతాయి. మొదటి బొమ్మ తయారైన రోజే గైడ్ దగ్గరకు పోయి "సార్, ఈ పేపర్‌కి ఇప్పటిదాకా ఎవరెవరు ఏం చేసినారో ఒక కాగితం మీద రాసుకొచ్చినా, వరస మీరు చూసి చెప్తారా" అని అడగండి. అట్లా అడిగితే ఏ సారూ తప్పుపట్టరు. పనిలో చెయ్యి ఉండాల, రాయడంలోనో సరిదిద్దడంలోనో పాలు ఉండాల, చివరి కాపీ చదివి ఒప్పుకోవాల, రేపు ప్రశ్న వస్తే బాధ్యత తీసుకోవాల, ఇవన్నీ ఉంటేనే ఆథర్. మెషీన్ వాడనిచ్చిన వాళ్ళకి అక్నాలెడ్జ్‌మెంట్స్‌లో కృతజ్ఞత చెప్తే చాలు. అయినా మొహమాటానికి ఒక పేరు పెట్టాల్సి వస్తుంది, నాకు తెలుసు. కానీ కష్టపడిన జూనియర్ పేరు ఎప్పుడూ తీయొద్దు.

పంపించేటప్పుడు

ఆర్కిడ్ ఐడీ చేసుకోండి, 16 అంకెలది, ఉచితం, మీ ఇంటి పేరు ముందు రాసినా వెనక రాసినా పేపర్లన్నీ ఒకచోట ఉంటాయి. పెళ్ళయినాక పేరు మారే ఆడపిల్లలకి మరీ అవసరం. కవర్ లెటర్ అర పేజీ చాలు: ప్రశ్న ఏంది, ఏం కనుక్కున్నాం, మీ జర్నల్ పాఠకులకి ఎందుకు కావాల. రివ్యూయర్ల పేర్లు అడిగితే మీ ఫీల్డ్‌లో నిజంగా పనిచేసేవాళ్ళవి, వాళ్ళ యూనివర్సిటీ మెయిల్ ఐడీతో ఇవ్వండి, గైడ్ స్నేహితులవి ఇవ్వొద్దు. ఒకేసారి రెండు జర్నల్స్‌కి పంపడం తప్పు. సిమిలారిటీ, అంటే ముందే అచ్చయిన రాతలతో ఎంత కలుస్తుందో, ముందే చూసుకోండి, థీసిస్‌కైతే 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం లోపల ఉంటే ఇబ్బంది లేదు, 60 శాతం దాటితే రిజిస్ట్రేషనే పోతుంది.

రివ్యూ వచ్చినాక

మొదటి రివ్యూ చదివిన రోజు రాత్రి నేను అన్నం తినలేదు. మూడు పేజీల కామెంట్స్, అన్నీ తిట్లలాగే కనపడినాయి. మీకూ అట్లనే ఉంటుంది, కాబట్టి చదివి, మూసేసి, రెండు రోజులు దాని జోలికి పోవద్దు. గోవిందరాజస్వామి గుడి దాకా నడిచి రండి, ఇంటికి పోయి రండి. మూడో రోజు మళ్ళీ తెరిస్తే సగం కామెంట్స్ న్యాయంగానే కనపడతాయి.

మేజర్ రివిజన్ అంటే మంచి వార్త. ఎడిటర్‌కి ఇష్టం లేకపోతే రిజెక్టే చేసేవాళ్ళు.

ఇప్పుడు ప్రతి కామెంట్‌నీ ఒక ఫైల్‌లో విడివిడిగా పెట్టి, నంబర్ వేసి, కింద జవాబు రాయండి. నా పేపర్‌లో రెండో రివ్యూయర్ "రెప్లికేట్స్ ఎన్ని అనేది స్పష్టంగా లేదు, ఫలితాలు నమ్మేలా లేవు" అని రాసినారు. నేను మొదట కోపంతో రాసుకున్నది "మెథడ్స్‌లో రాసే ఉంది, రివ్యూయర్ గమనించలేదు" అని. మా గైడ్ చదివి, ఏమీ అనకుండా కొట్టేసి, ఇట్లా రాయమన్నారు: "ఈ విషయం ఎత్తి చూపినందుకు కృతజ్ఞతలు. మేము రాసిన తీరు స్పష్టంగా లేదు, ఒప్పుకుంటున్నాం. ఆరు కుండీలు వాడినాం, ఒక్కో కుండీ ఒక బయోలాజికల్ రెప్లికేట్, ఒక్కోదానికి రెండు టెక్నికల్ రీడింగులు. ఈ వివరం 7వ పేజీ 142 నుంచి 150 వరుసల్లో చేర్చినాం, 2వ బొమ్మలో ఒక్కో కుండీ విలువ చుక్కగా చూపించినాం." రెండో రౌండ్‌లో ఆయన ఒకే లైన్ రాసినారు, తృప్తిగా ఉంది అని. ఇంత చదువుకున్న మనిషికే అర్థం కాలేదంటే రాసింది మనం సరిగ్గా రాయలేదని, ఆ రోజు నేను నేర్చుకున్నది అదే.

ఒప్పుకోలేని కామెంట్ వస్తే ఒప్పుకోనక్కర్లేదు, ఎందుకు చేయలేమో మర్యాదగా, ఆధారంతో చెప్పండి. కొత్త ప్రయోగం అడిగితే, వారంలో అయ్యేదైతే వాదించకుండా చేసేయండి. గడువు సరిపోదనుకుంటే ముందే ఎడిటర్‌కి మెయిల్ పెడితే మామూలుగా ఇస్తారు. రిజెక్ట్ అయితే ఆ కామెంట్స్‌తో పేపర్ సరిచేసుకునే తర్వాతి జర్నల్‌కి పంపండి, ఫీల్డ్ చిన్నది, అదే రివ్యూయర్ చేతికి మళ్ళీ పోతుంది చాలాసార్లు.

ఇక ముందు బతుకు సంగతి

పేపర్ ఒక్కటే చాలదు, తెలిసిన మనుషులు కావాల. తిరుపతిలో ఉండి దీన్ని వాడుకోకపోతే మన తప్పే. ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, వెటర్నరీ, స్విమ్స్ ఊర్లోనే, ఏర్పేడు వైపు పోతే ఐఐటీ, ఐసర్, చిత్తూరు రోడ్డులో గాదంకిలో వాతావరణ పరిశోధన ల్యాబ్. ఒక్క ఊరి చుట్టూ ఇన్ని ఉండే జిల్లాలు ఎన్ని ఉన్నాయి? వాళ్ళ సెమినార్ నోటీసులు చూసి, ముందు మెయిల్ పెట్టి పోండి, వెనక వరసలో కూర్చున్నా సరే ఒక్క ప్రశ్న అడిగి రండి. నా రెండో పేపర్‌లో వాడిన మైక్రోస్కోప్ అట్లా ఒక సెమినార్ అయిపోయినాక టీ దగ్గర మాట్లాడితేనే దొరికింది.

ఫెలోషిప్ సంగతి, జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 2023 జనవరి నుంచి నెలకి 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) 42,000. జేఆర్‌ఎఫ్ రాకపోయినా ప్రాజెక్టుల్లో పోస్టులు పడతా ఉంటాయి. పీహెచ్‌డీ తర్వాత మన దేశంలో నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, ఇంతకుముందు సెర్బ్ అనే కేంద్ర సంస్థ ఇచ్చేది, ఇప్పుడు ఆ సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్)లో కలిసిపోయింది. ఆడవాళ్ళకి డీఎస్టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) వాళ్ళ వైజ్ స్కీములు ఉన్నాయి, పెళ్ళి, పిల్లలు అని మధ్యలో ఆగిపోయిన అక్కలు తప్పకుండా చూడండి, వయసు పరిమితులు దాటిపోకముందే. లెక్చరర్ ఉద్యోగం మనసులో ఉంటే నెట్ గానీ సెట్ గానీ (లెక్చరర్ అర్హత పరీక్షలు) పీహెచ్‌డీ నడుస్తా ఉన్నప్పుడే రాసేయండి, తర్వాత మళ్ళీ పుస్తకం పట్టుకోవడం చాలా కష్టం.

బయట దేశం పోస్ట్‌డాక్‌కి ఒకే మెయిల్ వంద మందికి పంపితే వందా చెత్తబుట్టలోకే. పది మందిని ఎంచుకోండి, ఒక్కొక్కరివి రెండు పేపర్లు చదవండి, మెయిల్ ఎనిమిది తొమ్మిది వాక్యాలకి మించొద్దు: మీ ఫలానా పేపర్‌లో ఫలానా బొమ్మ చూసినా, అక్కడ నాకు ఈ ప్రశ్న వచ్చింది, నేను ఈ పని చేసినా, ఈ టెక్నిక్ నాకు వచ్చు, ఈ ఫెలోషిప్‌కి మీతో కలిసి అప్లై చేయాలనుకుంటా ఉన్నా. సీవీ రెండు పేజీలు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత ఒక్కసారి గుర్తుచేయండి, అంతే. జర్మనీ హంబోల్ట్ ఫెలోషిప్ లాంటివాటికి ముందు ఒక హోస్ట్, అంటే అక్కడ మనల్ని తీసుకునే ప్రొఫెసర్, ఒప్పుకోవాల, లెటర్లు రావాల, కాబట్టి థీసిస్ ఇవ్వడానికి ఏడాది ముందే మొదలుపెట్టండి. రికమెండేషన్ లెటర్ అడిగేటప్పుడు సార్ చేతిలో మీ సీవీ, చేసిన పని అర పేజీ, చివరి తేదీ పెట్టండి, మూడు వారాలు టైం ఇవ్వండి.

ఇంటర్వ్యూలో ఎన్ని పేపర్లని మొదట అడుగుతారు నిజమే, కానీ ఆ తర్వాత అరగంట ఒక్క పేపర్ మీదే నడుస్తుంది. అందులో ప్రతి బొమ్మా మీ చేత్తో చేసినట్టు చెప్పగలగాల, ఈ చుక్క ఎందుకు పైకి పోయింది అంటే కూడా.

మొదట్లో ఫోన్ చేసిందని చెప్పినానే, ఆ చెల్లి సోమవారం పొద్దునే ఆ జర్నల్‌కి పేపర్ వెనక్కి తీసుకుంటున్నా అని మెయిల్ పెట్టి, నాకు స్క్రీన్‌షాట్ పంపింది. వాళ్ళ నుంచి బెదిరింపు జవాబు వచ్చింది, విత్‌డ్రా ఛార్జీ కట్టమని, పట్టించుకోవద్దన్నా. సంతకం పెట్టలేదు, డబ్బు కట్టలేదు, పేపర్ ఆన్‌లైన్‌లో వేయలేదు. అయినా గైడ్‌కి చెప్పి, ఆ మెయిల్స్ అన్నీ సేవ్ చేసి పెట్టుకోమన్నా, మీకు ఇట్లాంటిది జరిగినా అదే చేయండి. ఇప్పుడు ఆ అమ్మాయి బొమ్మలు ప్రింట్ తీసి మంచం మీద పరిచింది, మూడో బొమ్మకీ నాలుగో బొమ్మకీ మధ్య ఒక ప్రయోగం తక్కువైందంట, వచ్చే ఖరీఫ్‌కి కుండీలు సిద్ధం చేస్తా ఉంది, ఈసారి ఒక్కో రకానికి ఆరు.